టంకశాల వాళ్లది, బట్టా మనది

(నందికొండ హిల్ కాలనీలో జరిగిన చరిత్ర ముచ్చట్ల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగాల ఒక పని చేయండి. జేబులో ఉన్న రూపాయి బిళ్లో, రెండు రూపాయల బిళ్లో తీసి చూడండి. సంవత్సరం అంకె కింద చిన్న నక్షత్రం ఉన్నదా? ఉంటే అది మన హైదరాబాద్ టంకశాలలో పుట్టిన బిళ్ల. వజ్రం గుర్తు ఉంటే ముంబయిది. గుండ్రటి చుక్క ఉంటే నోయిడాది. ఏ గుర్తూ లేకుంటే కోల్‌కతాది. దేశంలో సర్కారు టంకశాలలు ఈ నాలుగే. నాలుగింటిలో ఒకటి మన గడ్డ మీద ఉన్నది.

నక్షత్రం కనపడంగనే కొందరి ముఖాలు వెలిగినయి. సంతోషమే. కని మేము ఇయ్యాల వచ్చింది గర్వం పంచటానికి కాదు, లెక్క అడగటానికి. ఈ టంకశాలను ఎవరి సొమ్ముతో నడిపిన్రు? ఎవరి పెత్తనం కింద నడిచింది? అందులో మిగిలింది ఎవరి ఇంటికి పోయింది? ఉద్యమంలో నీళ్ల గురించి, కొలువుల గురించి, నిధుల గురించి మనం అడిగింది ఇదే. అదే ప్రశ్న పాత హైదరాబాద్ రాజ్యాన్ని అడగాలంటే మాత్రం మనకు నోరు రాదు. ఒకాయన నిజాంను తిడితే చరిత్ర చెప్పిన అనుకుంటడు. ఇంకొకాయన పొగిడితే చెప్పిన అనుకుంటడు. ఇద్దరిలో ఒక్కరూ ఖాతా పుస్తకం తెరువరు.

టంకశాల అంటే ఏంది? పాత తెలుగులో దానికి కమ్మటం అని పేరు. అండ్ల పనిచేసేటోడు కమ్మటీడు. టంకశాల అన్నది మన దగ్గర ఇంటిపేరుగ కూడ ఉన్నది. అంటే ఇది మనకు పరాయి ముచ్చట కాదు. ఈ నందికొండ లోయనే తీసుకోండి. సాగర్ నీళ్ల కింద మునిగిన విజయపురిలో ఇక్ష్వాకుల సీసపు నాణేలు దొరికినయి. ఈ నల్లగొండ జిల్లాలోనే అక్కనపల్లిలో రోమ్ రాజుల వెండి నాణేలు కుప్పగా దొరికినయి, వేయికి పైచిలుకు. రోమ్ వెండి ఇక్కడికి ఎందుకొచ్చింది? సరుకుకు బదులుగా. మనకు పత్తి ఉన్నది, నూనెగింజలున్నయి, వెండి గని మాత్రం లేదు. వెండి ఎప్పుడూ బయటినుంచే రావాలె. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే టంకశాల ఆర్థికం సగం అర్థమైనట్టే. సుత్తెల ఖర్చు, కూలీల ఖర్చు చిన్నది. అసలు ఖర్చు లోహం. ఆ లోహం ఎవరు తెస్తరో, పెత్తనం అక్కడికి పోతది.

అప్పట్ల పద్ధతి ఇట్ల ఉండేది. సాహుకారు వెండి కడ్డీలు తెస్తడు. టంకశాలలో కరిగించి, శుద్ధి చేసి, తూకం ప్రకారం ముక్కలు కోస్తరు. ముక్కను రెండు అచ్చుల నడుమ పెట్టి సుత్తెతో కొడతరు. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. అందుకే పాత సిక్కాల మీద అక్షరాలు సగం సగం పడతయి. ఇట్ల కొట్టిన సిక్కాలను సాహుకారుకు తిప్పి ఇస్తరు, కొట్టినందుకు కొంత పట్టుకుంటరు. ఆ పట్టుకున్నదాంట్లనే టంకశాల ఖర్చు ఎల్లాలె, సర్కారు వాటా ఎల్లాలె. పద్ధతి మంచిదే అనిపిస్తది. కని సిక్కా ఎన్ని కొట్టాలె, ఎప్పుడు కొట్టాలె అన్నది వెండి తెచ్చేటోని చేతిలోకి పోతది.

హైదరాబాద్‌లో రాజుగారి టంకశాల 1803లో, మూడో నిజాం సికందర్ జా కాలంలో, పాతబస్తీ సుల్తాన్‌షాహీలో మొదలైంది. ఫార్సీలో దారుల్ జర్బ్ అనేటోళ్లు. రాజుగారి టంకశాల అంటున్నం గదా, మరి సిక్కా మీద రాజు పేరు ఉండాలె. లేదు! ఢిల్లీల మొగల్ పాదుషా పేరు ఉండేది. నిజాం గుర్తుగా ఒక అక్షరం ఏ మూలకో పడేది. 1857లో బహదూర్ షా గద్దె దిగినంకనే ఆసఫ్ జా పేరు సిక్కా మీదికి ఎక్కింది. ఊరిపేరు మాత్రం మొదటినుంచీ ఘనంగనే ఉన్నది, ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్ అని. శుభమైన పునాది అని అర్థం.

రాజధానిలో ఒక్క టంకశాల ఉంటే బాధ లేకపోవు. మన పాలమూరులోనే మూడు కనపడతయి. గద్వాల సంస్థానం సిక్కా వేరు. వనపర్తి సంస్థానం సూగూరులో కొట్టిన సిక్కా వేరు. నారాయణపేటది వేరు, దాని మీద దిల్షాదాబాద్ అని ఉంటది. ఇవిగాక ఔరంగాబాద్, కల్యాణి, సురపురం. వీటి పక్కన కంపెనీ రూపాయి. ఒక్కొక్కటి ఒక్కో తూకం, ఒక్కో శుద్ధి.

ఇప్పుడు ఒక రైతును తలుచుకోండి. పేరు వద్దు, మన తాతల్లో ఎవరైనా కావచ్చు. ఆముదాలు అమ్మితే గద్వాల సిక్కాలు చేతికొచ్చినయి. శిస్తు కట్టేకాడ ఇవి చెల్లవు, పట్నం సిక్కా తెమ్మన్నరు. సర్రాఫు దగ్గరికి పోయిండు. సర్రాఫు ఒక్కో బిళ్లను చెవి దగ్గర మోగించి, గోరుతో గీకి, అరిగింది అని కొంత, శుద్ధి తక్కువ అని కొంత, మారకం కింద కొంత కోసిండు. ఆ కోతనే బట్టా అంటరు. మళ్ల ఇంటికి ఉప్పు కొనాలంటే ఇంకో బట్టా. పంట పండించినందుకు శిస్తు ఉన్నది సరే, పండిన పంట పైసలైనందుకు కూడ ఒక పన్ను కట్టిండన్నమాట. ఈ పన్ను ఏ దఫ్తరులోనూ రాయలేదు. టంకశాలలు ఎన్ని ఉంటే సర్రాఫు దుకాణాలకు అంత గిరాకీ.

సర్కారు ఎందుకు ఊకున్నది? సర్కారే సాహుకార్ల చేతిలో ఉన్నది కాబట్టి. చందూలాల్ 1843 దాకా పెత్తనం నడిపిన కాలంలో జిల్లాల శిస్తే గుత్తకు పోయింది. పామర్ కంపెనీ అని ఇంగ్లీషోళ్ల సాహుకారీ దుకాణం ఒకటి 1814లో హైదరాబాద్‌లో పుట్టి రాజ్యాన్ని అప్పుల్లో ముంచింది. ఇంగ్లీషోళ్ల కంటింజెంట్ ఫౌజు జీతాల బాకీ కింద 1853లో బీరార్ చేజారింది. శిస్తునే గుత్తకిచ్చిన సర్కారు టంకశాల తలుపు దగ్గర కావలి ఉంటదా?

అదే 1853లో సాలార్‌జంగ్ దివాన్ అయిండు. వయసు 24 ఏండ్లు. ఖజానా ఖాళీ. ఆయన చేసిన పనుల్లో జిలాబందీ గురించి అందరూ చెప్తరు. మాకు మాత్రం సిక్కా పనే పెద్దగ అనిపిస్తది. ఖజానాను సాహుకార్ల ఇండ్లలోనుంచి సర్కారు చేతికి తెచ్చిండు. జిల్లాల టంకశాలలను బందుపెట్టుకుంట వచ్చి, పట్నం టంకశాలను సర్కారు అజమాయిషీ కిందికి తీసుకున్నడు. హాలీ సిక్కా అన్న కొత్త నాణెం తెచ్చిండు. హాలీ అంటే ఇప్పుడు నడుస్తున్నది అని. గద్వాల, నారాయణపేట టంకశాలలు మూతబడుడు మన జిల్లా అభిమానానికి చేదుగ ఉంటది, మాకూ ఉన్నది. కని రైతు సంచిలోనుంచి చూస్తే రెండు మూడు బట్టాలు తప్పినయి. జిల్లా గౌరవమా, రైతు సంచా అంటే మేము సంచి దిక్కే నిలబడతం.

అట్లని బాధ తీరలేదు. మీరు ఈ కృష్ణ ఒడ్డున ఉన్నోళ్లు, మీకు తొందరగ అర్థమైతది. ఈ ఒడ్డు నిజాం రాజ్యం. ఆ ఒడ్డు మాచర్ల, పల్నాడు, ఇంగ్లీషోళ్ల గుంటూరు జిల్లా. ఈ దిక్కు హాలీ, ఆ దిక్కు కల్దార్. కల్ అంటే యంత్రం, కల్దార్ అంటే యంత్రం మీద కొట్టిన రూపాయి. నడుమ నది. తెప్ప దిగితే రూపాయి విలువ మారుతది. నిలకడైన మారకం చివరికి 100 కల్దార్లకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైసలు. ఈ అంకె వింటే తల తిరుగుతది గని, ఏడు హాలీలకు ఆరు కల్దార్లు అంటే అయిపోయె.

ఇది ఇంగ్లీషోళ్ల దౌర్జన్యమా? మేమూ మొదట్ల అట్లనే అనుకున్నం. తూకం వేసి చూస్తే వేరే తేలింది. ఇరవయ్యో శతాబ్దపు హాలీ రూపాయి బరువు 11.18 గ్రాములు, నూటికి దాదాపు 82 పాళ్లు వెండి. కల్దార్ 11.66 గ్రాములు, నూటికి దాదాపు 92 పాళ్లు వెండి. ఏడు హాలీలలో ఉన్న వెండి 64 గ్రాములు. ఆరు కల్దార్లలో ఉన్నదీ ఇంచుమించు అంతే. అంటే ఆ లెక్క గాలిలో కట్టింది కాదు, లోపలి వెండి చెప్పిన లెక్క. కోపం వచ్చినప్పుడల్లా ఒకసారి తక్కెడ తీసుకోవాలె అని మేము అప్పుడు నేర్చుకున్నం.

దౌర్జన్యం ఇంకోచోట ఉన్నది. 1893లో ఇండియా సర్కారు తన టంకశాలల్లో ప్రైవేటు వెండి తీసుకునుడు బందుపెట్టింది. దాంతోటి కల్దార్ విలువ వెండి ధర నుంచి విడిపోయి పైకి లేచింది. వెండి మీద ఆధారపడ్డ హాలీ కిందికి జారింది. నిర్ణయం కలకత్తాలో, లండన్‌లో. దెబ్బ ఇక్కడ. బొంబాయి సరుకుకు, ఇంగ్లీషోళ్ల బాకీలకు కల్దారే కావాలె గదా. అప్పుడు హైదరాబాద్ కూడ సాహుకార్ల వెండికి తలుపు మూయక తప్పలేదు. 1895లో ఐరోపా తీరు యంత్రాలు వచ్చినయి. 1903లో టంకశాల సుల్తాన్‌షాహీ నుంచి సైఫాబాద్ కొత్త భవనంలోకి మారింది. 1904లో మహబూబియా రూపాయి బయటికొచ్చింది. చార్మినార్ బొమ్మ, నడుమ కమానులో మీమ్ అన్న అక్షరం, మహబూబ్ అలీఖాన్ గుర్తు. తర్వాత ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కితే ఆ కమానులో ఐన్ అక్షరం వచ్చింది.

ఆ కాలంలో ఖజానా చూసినాయన కాసన్ వాకర్ అన్న ఇంగ్లీషాయన. ఆయన కాలంలో జరిగిన మార్పు ఏందంటే, వెండి కొనేది ఇక సర్కారే. సిక్కా ఎన్ని కొట్టాలో చెప్పేదీ సర్కారే. వెండి కొన్న ధరకు, రూపాయి ముఖవిలువకు నడుమ తేడా ఇదివరకు సాహుకారు జేబుకు పోయేది. ఇప్పుడు ఖజానాకు వచ్చింది. టంకశాల ఖర్చుల శాఖగా కాకుండ రాబడి శాఖగా మారింది. అటెన్క అక్బర్ హైదరీ ఆర్థికశాఖ చూసిన కాలంలో శాఖల వారీగా మూడేండ్ల బడ్జెట్టు పద్ధతి వచ్చింది. సిక్కా నిలకడ కోసం విడిగ ఒక నిధి పెట్టిన్రు. దేశంలో బికనీరు, ఆల్వార్ లాంటి సంస్థానాలు తమ సిక్కాను ఇంగ్లీషోళ్ల టంకశాలలో కొట్టించుకుంటున్న కాలంలో హైదరాబాద్ తన సిక్కా తానే కొట్టుకున్నది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి కరువైతే 1918లో సొంత నోట్లు తెచ్చింది. నోట్ల మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు కూడ ఉన్నయి. సిక్కా మీద మాత్రం చివరి దాకా మన రైతు చదువుకునే అక్షరం ఒక్కటి పడలేదు. తన చెమటకు వచ్చిన కూలి మీద ఏం రాసి ఉన్నదో అడిగి తెలుసుకునుడే.

ఇక్కడ మెచ్చుకునేది మెచ్చుకుందాం. ఖాతాలు దిద్దిన్రు, నిధి పెట్టిన్రు, సిక్కాకు నిలకడ తెచ్చిన్రు. కని ఖజానాకు వచ్చిన లాభం దేవరకొండ తాలూకా రైతు గడపకు ఎంత తిరిగొచ్చింది? సర్ఫ్‌ఖాస్ అని నిజాం సొంత భూములు వేరే, జాగీర్లు వేరే, దివానీ వేరే. జాగీరు ఊరి రైతు చెల్లించేది జాగీర్దారుకు. సిక్కా ఒక్కటైంది గని, ఆ సిక్కా పోయే సంచులు ఒక్కటి కాలేదు. బట్టా పోయినా వెట్టి పోలేదు. అందుకే 1940ల్లో ఈ నల్లగొండ ఎట్ల మండిందో మీకు మేము చెప్పే అవసరం లేదు.

1948 సెప్టెంబర్ తర్వాత కథ మీకు తెలుసు. కని 1950 ఏప్రిల్ 1 గురించి ఎక్కువమందికి తెలువదు. ఆనాడు ఆర్థిక విలీనం అమలైంది. కేంద్రం జాబితాలో ఉన్న శాఖలన్నీ ఆస్తులతో సహా ఢిల్లీకి పోయినయి. నిజాం రైల్వే పోయింది. తపాలా పోయింది. టంకశాల పోయింది. హాలీ రూపాయి కొన్నేండ్లు ఇండియా రూపాయి పక్కన నడిచి తప్పుకున్నది. దేశానికి ఒక్క సిక్కా ఉండాలె, అండ్ల మాకు పేచీ లేదు. ఇంతసేపు బట్టా బాధ చెప్పింది అందుకే. పేచీ ఎక్కడంటే, ఆస్తి పోయేటప్పుడు దాని లెక్క ఇక్కడి జనం ముందర పెట్టిన్రా, పెట్టలేదా అన్నకాడ. తర్వాత 1956లో మిగులు రాష్ట్రంగా ఉన్న తెలంగాణను కలిపిన్రు. ఆ మిగులు ఎటుపోయిందని 1969లో పిల్లలు ప్రాణాలు పెట్టి అడిగితే, కుమార్ లలిత్ లెక్కలో 34 కోట్ల 10 లక్షల మిగులు తేలింది. లెక్క అడుగుడు మనకు ఉత్తగ అబ్బిన అలవాటు కాదు.

ఇప్పటి టంకశాల సంగతి తొందరగ చెప్పి ముగిస్తం. 1997లో అది సైఫాబాద్ నుంచి చర్లపల్లికి పోయింది. 2006లో నాలుగు టంకశాలలు, నాలుగు ముద్రణాలయాలు, ఒక కాగితం మిల్లు కలిపి కేంద్రం ఒక కార్పొరేషన్ చేసింది. దఫ్తరు ఢిల్లీలో. బిళ్లలు కొట్టినందుకు కేంద్రం ఆ కార్పొరేషన్‌కు ధర కడతది. బిళ్లలు రిజర్వు బ్యాంకు ద్వారా జనంలోకి పోతయి. ముఖవిలువకు, ఖర్చుకు నడుమ తేడా కేంద్రానిది. 2018లో సమాచార హక్కు కింద వచ్చిన జవాబు చూస్తే నవ్వొస్తది. రూపాయి బిళ్లకు ఖర్చు రూపాయి 11 పైసలు. రెండు రూపాయలదానికి రూపాయి 28 పైసలు. అయిదుకు 3 రూపాయల 69 పైసలు. పదికి 5 రూపాయల 54 పైసలు. రూపాయి బిళ్ల మీద నష్టం, పది మీద లాభం! పాత సాహుకారు వింటే మూర్ఛపోతడు. నష్టమొచ్చినా రూపాయి బిళ్ల కొడుతున్నరంటే, చిల్లర లేకుంటే దుకాణదారు చాక్లెట్ చేతిలో పెడతడు కాబట్టి. చాక్లెట్ కూడ ఒక బట్టానే.

సకల జనుల సమ్మె రోజుల్లో, 2011లో, మేము సైఫాబాద్ మింట్ కాంపౌండ్ ముందర విద్యుత్ ఉద్యోగుల పక్కన నిలబడి నినాదాలు ఇచ్చినం. అక్కడ కరెంటు దఫ్తరు ఉన్నది కాబట్టి పోయినం. ఆ పేరులో మింట్ ఎందుకున్నదో మాలో ఒక్కరికీ పట్టలేదు. డిగ్రీలు చదివినోళ్లమే! నీళ్లు, నిధులు అని గొంతు చించుకున్నం, ఆ నిధులను రూపాయిలుగ కొట్టిన ఇల్లు వెనుకనే ఉంటే తల తిప్పి చూడలేదు. ఇయ్యాల ఈ మాటలు చెప్పటానికి సగం కారణం ఆ సిగ్గు. ఆ పాత టంకశాలలో 2022 జూన్‌లో నాణేల మ్యూజియం తెరిచిన్రు. హైదరాబాద్ పోయినప్పుడు చూడండి. చార్మినార్ ఫోటోలు మస్తుగ ఉంటయి, మీరు అచ్చులు, తక్కెడలు ఉన్నకాడ ఎక్కువసేపు నిలబడండి.

మ్యూజియం ఒక్కటి చాలదు. మన సిక్కాలు ఇంకా ఇండ్లల్లనే ఉన్నయి. ఈ దేవరకొండ దిక్కు తండాలల్ల లంబాడీ ముసలవ్వల రవికల మీద, మెడ దండలల్ల చూడండి. పాత రూపాయిలు, అర్ధరూపాయిలు కుట్టుకున్నరు. హాలీ ఉన్నది, కల్దార్ ఉన్నది. ఏ ఖజానాలోనూ లేని కూర్పు అది. అండ్ల గద్వాలదో, సూగూరుదో, నారాయణపేటదో ఎన్ని ఉన్నయో ఎవరూ ఎంచలేదు. ఏటా కొన్ని కరుగుతున్నయి. అమ్ముడుపోయిన దండకు తూకం లెక్కనే ఇస్తరు, చరిత్రకు ధర కట్టరు. అక్కడా బట్టా కోస్తరు.

సభ అయినంక మేము ఈ బల్ల దగ్గరనే ఉంటం. ఇంట్ల పాత బిళ్ల ఉన్నోళ్లు రేపు పొద్దున పది గంటల దాకా తీసుకరండి. కడగకండి, చింతపండు పెట్టి తోమకండి. కాగితం మీద పెట్టి పెన్సిలుతో రుద్ది నకలు తీసుకుంటం, తూకం రాసుకుంటం, ఎవరి ఇంట్లది, ఎట్ల వచ్చింది అని రెండు మాటలు అడుగుతం. బిళ్ల అక్కడికక్కడే మీ చేతిలో పెడతం. తూకం కాడ మీరే నిలబడి చూసుకోండి, అది మీ హక్కు.